లెక్క అడిగిన తీరు: అమెరికా పునరుద్ధరణ చట్టం (2009) క్రింద బడుల నివేదికలు – ఒక చారిత్రక పరిశీలన

రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో దేవాలయ మరమ్మతు సొమ్మును గురించిన వృత్తాంతం ఉంది. యోవాషు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరంలో శిథిలమైన చోట్లను బాగుచేయలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెప్పించి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం దగ్గర ఉంచాడు. పెట్టెలో సొమ్ము చేరినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కించి సంచులలో కట్టేవారు. ఇంతవరకు అంతా కట్టుదిట్టమే. అయితే 15వ వచనానికి వచ్చేసరికి, పనివారికి ఇయ్యడానికి ఆ సొమ్మును అందుకున్న మనుష్యులను ఎవరూ లెక్క అడుగలేదనీ, వారు నమ్మకస్తులు గనుక ఆ అవసరం లేకపోయిందనీ గ్రంథకర్త చెబుతాడు. యోషీయా కాలంలోనూ ఇదే పద్ధతి కనబడుతుంది (2 రాజులు 22:7). మరోవైపు అపొస్తలుడైన పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు కూర్చిన చందా విషయంలో సంఘాలు ఏర్పరచిన సహోదరుని వెంట పెట్టుకొని, ఎవరూ తనపై తప్పు మోపే వీలు లేకుండా జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:18-21).

గృహనిర్వాహకత్వాన్ని గురించి మన సంఘాలలో చేసే ప్రసంగాలు సాధారణంగా లెక్క అప్పగించేవాని వైపు నిలబడి సాగుతాయి. లెక్క అడిగేవాడు ఏమి అడుగుతున్నాడు, దానికి నిజమైన జవాబు చెప్పడం సాధ్యమా అన్న విచారణ తక్కువ. 2009లో అమెరికా ప్రభుత్వం ఆర్థిక ఉద్దీపన క్రింద బడులకు గ్రాంటులు ఇచ్చి నివేదికలు కోరిన చరిత్రను ఆ వైపు నుండి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మనకు బొత్తిగా పరాయిది కాదు. 1854 జూలై 19 నాటి ఉడ్ డెస్పాచ్ మిషను బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే మార్గం తెరిచింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి (1843), గుంటూరులో హేయర్ ప్రారంభించిన లూథరన్ పరిచర్య (1842) అంతకు ముందే ఉన్నాయి. డెస్పాచ్ పెట్టిన షరతులు కొన్నే: స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి, పిల్లల నుండి కొద్దిగానైనా ఫీజు తీసుకోవాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి. బడిలో బోధించే మతసిద్ధాంతాలను ఇన్‌స్పెక్టరు పట్టించుకోరాదని కూడా అందులో ఉంది. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాలను బట్టి గ్రాంటు అనే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముందు ఎంతమంది పిల్లలు పరీక్ష గట్టెక్కారో దానిని బట్టి సొమ్ము. అడిగే ప్రశ్న మారగానే ఉపాధ్యాయుని పని కూడా మారుతుందని ఎయిడెడ్ బడిలో పనిచేసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

చట్టం, సొమ్ము, నివేదిక

2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికా రాష్ట్రాల పన్నుల రాబడి పడిపోయింది. అక్కడి రాష్ట్రాలు దాదాపు అన్నీ లోటు లేని బడ్జెటు వేయవలసినవే గనుక, కోత మొదట పడేది బడుల మీద, ఉపాధ్యాయుల మీద. 2009 ఫిబ్రవరి 17న అధ్యక్షుడు ఒబామా డెన్వర్ నగరంలో సంతకం చేసిన అమెరికా పునరుద్ధరణ, పునఃపెట్టుబడి చట్టం మొత్తం అంచనా అప్పట్లో 78,700 కోట్ల డాలర్లు. అందులో రాష్ట్రాల ఆర్థిక స్థిరీకరణ నిధికి 5,360 కోట్లు, పేద పిల్లలు చదివే బడులకు సంబంధించిన టైటిల్ వన్ పద్దుకు 1,000 కోట్లు, వికలాంగ బాలల విద్యకు 1,100 కోట్లకు పైగా కేటాయించారు. స్థిరీకరణ నిధిలో సూత్రం ప్రకారం ఒక్కొక్క రాష్ట్రానికి వచ్చిన వాటాలో 81.8 శాతం విద్యకే ఖర్చు చేయాలి.

ఈ సొమ్ము వాషింగ్టన్ నుండి రాష్ట్రానికి, రాష్ట్రం నుండి స్కూల్ డిస్ట్రిక్టుకు, అక్కడి నుండి బడికి చేరేది. స్కూల్ డిస్ట్రిక్టు అంటే మన జిల్లా వంటిది కాదు. ఒక ఊరికో కొన్ని ఊళ్ళకో ఉండే విద్యా బోర్డు అది. కొన్ని చోట్ల దాని కార్యాలయంలో లెక్కలు చూసేది ఒక్క మనిషే.

చట్టంలోని 1512వ సెక్షన్ ప్రకారం ప్రతి మూడు నెలలకు, త్రైమాసికం ముగిసిన 10 రోజుల లోపల, నివేదిక పంపాలి. ఎంత అందింది, ఎంత ఖర్చయింది, పని పేరేమిటి, ఎంతవరకు పూర్తయింది, ఎన్ని ఉద్యోగాలు ఏర్పడ్డాయి లేక నిలిచాయి అన్నవి అందులో ముఖ్యాంశాలు. త్రైమాసికం ముగిసిన 30 రోజులకు ఆ వివరాలన్నీ ప్రజలందరూ చూసేటట్లు ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలి. ప్రభుత్వ గ్రాంటు చరిత్రలో ఇది పెద్ద మార్పే. అంతకు ముందు లెక్కలు ఒక ఆఫీసు నుండి మరొక ఆఫీసుకు పోయి బీరువాలో పడుకునేవి. ఇప్పుడు పన్ను కట్టిన ప్రతివాడూ చూడవచ్చు. పౌలు తన వెంట సహోదరుని పెట్టుకోవడంలోని భావం ఇందులో కొంత ఉందని చెప్పవచ్చు.

చిక్కంతా ఉద్యోగాల గడిలో వచ్చింది. అందిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము పద్దు పుస్తకంలో ఉంటాయి. నిలిచిన ఉద్యోగం ఏ పుస్తకంలో ఉంటుంది? ఈ గ్రాంటు రాకపోయి ఉంటే ఫలానా ఉపాధ్యాయురాలిని తీసివేసేవారమా, జీతం తగ్గించి ఉంచేవారమా, బోర్డు మరో దారి వెదికేదా? జరగని దానిని గురించి సాక్ష్యం చెప్పమన్నట్లయింది. గవర్నర్లకూ ఇదే పరీక్ష. 14008వ సెక్షన్ క్రింద వారు ఏటా పంపవలసిన నివేదికలో, ఈ నిధుల వలన ఏ మేరకు పన్నుల పెంపు తప్పిపోయిందో కూడా అంచనా వేసి చెప్పాలి.

2009 అక్టోబరు 30న మొదటి త్రైమాసిక వివరాలు వెలువడ్డాయి. 6,40,329 ఉద్యోగాలు ఏర్పడ్డాయి లేక నిలిచాయి అని లెక్క తేలింది. అందులో సుమారు సగం, అంటే 3 లక్షలకు పైగా, విద్యారంగానివే. ప్రభుత్వం దీనిని విజయంగా చెప్పుకుంది. మూడు వారాలు తిరగకముందే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తన పరిశీలనను బయటపెట్టింది. 3,978 నివేదికలలో ఒక్క డాలరు అందినట్లు గాని ఖర్చయినట్లు గాని లేదు, కాని అవన్నీ కలిపి 50,000కు పైగా ఉద్యోగాలు చూపాయి. ఇంకొక 9,247 నివేదికలలో దాదాపు 100 కోట్ల డాలర్ల ఖర్చు ఉంది, ఉద్యోగాలు మాత్రం సున్న. ఇదే సమయంలో పత్రికలవారు మరో వింత కనిపెట్టారు. అప్పట్లో 8 పార్లమెంటరీ నియోజకవర్గాలు మాత్రమే ఉన్న అరిజోనా రాష్ట్రంలో 15వ నియోజకవర్గానికి సొమ్ము ముట్టినట్లు, ఉద్యోగాలు నిలిచినట్లు వెబ్‌సైటులో ఉంది. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయ వ్యవస్థ తన ఉద్యోగులలో సగం మందికి పైగా ఈ సొమ్ము వలననే నిలిచినట్లు వ్రాసింది. గ్రాంటు రాకపోతే అంతమందిని తొలగించేవారా అంటే లేదన్నారు. ఉద్యోగాల లెక్కకు ఇచ్చిన సూత్రాన్ని పాటించామని వారి జవాబు.

వీటిలో నియోజకవర్గం తప్పు కేవలం అజాగ్రత్త. నవ్వుకొని దిద్దుకోవచ్చు. విశ్వవిద్యాలయం విషయం వేరు. అక్కడ అబద్ధమాడినవారు ఎవరూ లేరు. అడిగిన ప్రశ్నకు విధేయులై జవాబిచ్చారు, ఆ జవాబు నిజం కాకపోయింది. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము గూర్చిన ఆజ్ఞను బోధించేటప్పుడు మనం సాక్షి మనస్సును గురించే మాట్లాడతాం. సాక్షి నోట అబద్ధం పలికించే ప్రశ్న వేసినవాని బాధ్యతను గురించి ఇంకా ఆలోచించవలసి ఉంది.

2009 డిసెంబరు 18న అధ్యక్షుని బడ్జెటు కార్యాలయం కొత్త ఆదేశం పంపింది. ఇకమీదట నిలిచినవి, ఏర్పడినవి అన్న విచారణ అక్కరలేదు. ఆ త్రైమాసికంలో ఈ నిధి నుండి జీతం చెల్లించిన గంటలు ఎన్నో కూడి, పూర్తికాల ఉద్యోగి ఒకరు ఆ త్రైమాసికంలో చేసే గంటలతో భాగించాలి. పూర్తికాలం 520 గంటలు అనుకుందాం. బడి ఈ నిధి నుండి 1,300 గంటలకు జీతం చెల్లిస్తే 2.5 ఉద్యోగాలు. అంతే. గుమస్తా తన ఎదుట ఉన్న జీతాల పట్టీ చూసి వ్రాయగలడు, ఆడిటరు అదే పట్టీ చూసి సరిచూడగలడు.

ఈ మార్పును విమర్శించినవారు ఉన్నారు. వేరే పద్దు నుండి జీతం తీసుకుంటూ ఏ ప్రమాదమూ లేని ఉపాధ్యాయుడు కూడా, పద్దు మారినందువలన మాత్రమే, ఈ లెక్కలోకి వస్తాడు. ఒక త్రైమాసికం అంకెను మరొక దానితో కూడడానికి వీలు లేదు. కాబట్టి ఉద్దీపన ఫలించిందా అన్న అసలు ప్రశ్నకు ఈ అంకె జవాబు కాదు. ఈ విమర్శ న్యాయమైనదే. అయినా చిన్న నిజం చెప్పే అంకె, పెద్ద ఊహను నిజంగా చలామణి చేసే అంకెకంటె మేలని నా అభిప్రాయం. ఫలితాన్ని అంచనా వేయడం ఆర్థికశాస్త్రజ్ఞుల పని. దానిని ఊరి బడి గుమస్తా నెత్తిన పెట్టడం తగదు.

ప్రార్థన మందిరం గోడ

వేదాంత కళాశాలల వారికి ఈ చట్టంలో మరింత దగ్గరి విషయం 14004వ సెక్షన్. ఉన్నత విద్యాసంస్థలు స్థిరీకరణ నిధిని ఏ భవనాల ఆధునికీకరణకు, మరమ్మతుకు వాడరాదో అందులో ఉంది. టిక్కెట్టు పెట్టి ఆటలు చూపే స్టేడియములు, మతబోధకు గాని ఆరాధనకు గాని వాడే భవనాలు, తమ కార్యక్రమాలలో గణనీయమైన భాగం మతపరమైన పరిచర్యలో లీనమైన భవనాలు. (ఆరాధన మందిరమూ ఆటస్థలమూ ఒకే జాబితాలో చోటు చేసుకోవడం చట్టం వ్రాసేవారికి వింతగా తోచలేదు.) దక్షిణ కరోలినా సెనేటరు జిమ్ డిమింట్ ఈ నిషేధం విశ్వాసుల పట్ల వివక్ష అని వాదించి, దానిని తొలగించాలని సవరణ తెచ్చాడు. 2009 ఫిబ్రవరి 5న సెనేట్ దానిని 43-54 ఓట్లతో త్రోసిపుచ్చింది.

నిషేధం ఆనాడు పుట్టింది కాదు. 1963 నాటి ఉన్నత విద్యా భవనాల చట్టంలోనే మతబోధకు, ఆరాధనకు వాడే కట్టడాలకు సొమ్ము లేదన్న నియమం ఉంది. కనెక్టికట్ రాష్ట్రంలోని నాలుగు క్రైస్తవ కళాశాలలకు ఆ చట్టం క్రింద వచ్చిన గ్రాంటులపై వ్యాజ్యం నడిచింది. టిల్టన్ వర్సెస్ రిచర్డ్‌సన్ కేసులో సుప్రీంకోర్టు 1971లో 5-4 తీర్పుతో గ్రాంటులను సమర్థించింది. కాని 20 సంవత్సరాలు గడిచాక భవనాన్ని దేనికైనా వాడుకోవచ్చునన్న వెసులుబాటును కొట్టివేసింది. సర్కారు సొమ్ముతో కట్టిన గ్రంథాలయం ఎన్నేళ్ళయినా ప్రార్థనాలయం కారాదు.

ఈ సరిహద్దు ఉండాలా వద్దా అన్న చర్చలో సదుద్దేశం గలవారు రెండు వైపులా ఉన్నారు. నాకు కష్టంగా తోచేది 2009 చట్టంలోని మూడవ మాట. ఒక గది ఆరాధనకు వాడుతున్నారా అంటే చూసి చెప్పవచ్చు. దాని కార్యక్రమాలలో గణనీయమైన భాగం పరిచర్యలో లీనమైందా అంటే ఎలా చెప్పడం? సోమవారం గణితం చెప్పి, శుక్రవారం ఉదయం చాపెల్ జరిపే హాలును ఏ లెక్కన కొలుస్తారు? విశ్వాసంతో గణితం చెప్పే అధ్యాపకుని గంటలు ఏ గడిలో వేస్తారు? నిలిచిన ఉద్యోగాల ప్రశ్నలో ఉన్న చిక్కే ఇక్కడ వేరే రూపంలో ఉంది. రిజిస్టరులో లేనిదానిని రిజిస్టరు నుండి చెప్పమన్నారు. 1854లో ఇన్‌స్పెక్టరును బడిలోని సిద్ధాంతం జోలికి పోవద్దన్న వలస ప్రభుత్వం ఈ ఒక్క విషయంలో తెలివిగా నడుచుకుంది. పరీక్షించే అధికారికి మనస్సాక్షిని కొలిచే పని పెట్టలేదు.

1512వ సెక్షన్ క్రింది త్రైమాసిక నివేదికలను 2014 జనవరి నాటి బడ్జెటు చట్టం రద్దు చేసింది. వాటిని పర్యవేక్షించిన పారదర్శకతా బోర్డు 2015 సెప్టెంబరు 30తో ముగిసింది. అయిదేళ్ళు కాకముందే కరోనా వచ్చి మళ్ళీ ఉద్దీపన చట్టాలు వచ్చాయి. 2020 మార్చి 27 నాటి చట్టం క్రింద జీతాల రక్షణ ఋణాలను సంఘాలూ, సంఘ బడులూ తీసుకున్నాయి. తీసుకున్న దానిలో నిర్ణీత భాగం, మొదట 75 శాతం, జూన్ నుండి 60 శాతం, జీతాలకే ఖర్చయిందని పట్టీలు చూపితే ఋణం మాఫీ. ఎవరి ఉద్యోగం నిలిచిందో ఊహించి వ్రాయమనలేదు. పాస్టరు జీతం కూడా ఆ పట్టీలో ఉండవచ్చు. 1963 చట్టం వ్రాసినవారు ఇది చూస్తే ఏమనేవారో!

2020 డిసెంబరులో, 2021 మార్చిలో వచ్చిన చట్టాలు ప్రైవేటు బడుల సహాయానికి ఒక్కొక్క పర్యాయం 275 కోట్ల డాలర్లు కేటాయించాయి. ఇక్కడ పద్ధతి వేరు. సొమ్ము బడి చేతికి రాదు. రాష్ట్ర విద్యాశాఖే వస్తువులు కొని, సేవలు ఏర్పాటు చేసి, ఆ వస్తువులపై యాజమాన్యం తన వద్దనే ఉంచుకోవాలి. ఇచ్చేది ఏదైనా లౌకికంగా, తటస్థంగా ఉండాలి. మొదటి విడతలో బడి అప్పటికే పెట్టిన కొన్ని ఖర్చులను తిరిగి ఇచ్చే వీలు ఉండేది. రెండవ విడతలో దానినీ తీసివేసి, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకే పరిమితం చేశారు. ఆ విధంగా సంఘ బడి ప్రధానోపాధ్యాయుడు పంపవలసినది సొమ్ము లెక్క కాదు, కావలసిన వస్తువుల జాబితా. మాస్కులు, గాలి శుద్ధి చేసే యంత్రాలు, ల్యాప్‌టాపులు. యోవాషు పెట్టె వలెనే సొమ్ము బయటనే లెక్క తేలిపోయింది. అయితే లోపలి పనివారిని నమ్మి వారి చేతికి సంచి ఇయ్యడం మాత్రం ఇక్కడ జరగలేదు.