రేడాన్, సహజ వికిరణం: బడిలో కొలత చరిత్ర

రేడాన్ రంగూ వాసనా లేని వాయువు. నేలలోని యురేనియం క్షయమవుతూ పోగా రేడియం, రేడియం నుంచి రేడాన్ పుడతాయి. గ్రానైట్, నైస్ శిలలున్న చోట ఇది సాధారణంగా ఎక్కువ ఊరుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా (2022కు ముందు అనంతపురం జిల్లా) నల్లమాడ ప్రాంతంలో గుట్టలైనా, బోరు దిగే బండ అయినా చాలావరకు ఆ జాతివే. మనిషికి ప్రకృతి నుంచి ఏటా అందే వికిరణం ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అందులో దాదాపు సగం రేడాన్, దాని నుంచి పుట్టే మూలకాల వాటా. అయినా వికిరణం అనగానే పిల్లలకు గుర్తొచ్చేవి అణుబాంబు, సెల్ టవర్. చేతికి ఒక కొలిచే సాధనం ఇస్తే ఈ భ్రమ త్వరగా వదులుతుందన్న నమ్మకం మీద బడిలో వికిరణాన్ని కొలిపించే బోధనా పద్ధతి నిలబడింది.

గాలిలోని రేడియోధార్మికతను మొదట పట్టుకున్నది ఇద్దరు బడిపంతుళ్లే. జర్మనీలోని వోల్ఫెన్‌బ్యూటెల్ ఊళ్లో యూలియస్ ఎల్‌స్టర్, హాన్స్ గైటెల్ అనే స్నేహితులు ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పేవారు. మూసి ఉంచిన విద్యుద్దర్శినిలో కూడా ఆవేశం మెల్లగా ఎందుకు దిగిపోతోందన్న ప్రశ్న వారిని పట్టుకుంది. 1901లో ఆరుబయట లోహపు తీగ కట్టి, దానికి వేల వోల్టుల రుణావేశం ఇచ్చి కొన్ని గంటలు వదిలేశారు. తర్వాత తీగను తోలుముక్కతో తుడిచి, ఆ ముక్కను విద్యుద్దర్శిని దగ్గర పెట్టగానే ఆవేశం చప్పున పడిపోయింది. పొద్దు గడిచేకొద్దీ ఆ గుణం తగ్గుతూ వచ్చింది. గుహల్లో, నేలమాళిగల్లో నిలవున్న గాలి ఇంకా చురుగ్గా ఉంటుందని కూడా వారే చూపారు. రేడియం నుంచి వెలువడే వాయువును ఫ్రెడ్రిక్ డోర్న్ గుర్తించింది 1900లో. తీగకు అంటుకున్నది ఆ వాయువు సంతతేనని ఆ తర్వాత తేలింది.

1928లో గైగర్-ముల్లర్ గొట్టం వచ్చాక వికిరణ కణాల లెక్కింపు సులువైంది. తెలుగు నేల మీద కేంద్రక భౌతికశాస్త్రానికి పునాది వేసినవారు స్వామి జ్ఞానానంద (1896–1969). గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, ప్రాగ్, లివర్‌పూల్‌లలో పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖను నిలబెట్టారు. ఆ చదువు విశాఖ ప్రయోగశాలలు దాటి ఊరి బడికి రాలేదు. ఇంటర్ విద్యార్థికి నేటికీ అర్ధజీవిత కాలం అంటే ఒక సూత్రం, మార్కుల లెక్క.

ఇళ్లలోని రేడాన్ మీద జనం దృష్టి బాగా పడింది 1984 డిసెంబరు నాటి ఒక వింత వల్ల. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇంకా పని మొదలెట్టని అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు లోపలికి వస్తుంటేనే హెచ్చరిక గంట మోగింది. మూలం ఆయన ఇంటి కింది నేల. అక్కడి గాలిలో ఘనమీటరుకు దాదాపు లక్ష బెక్రెల్‌ల రేడాన్ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన ప్రమాణం 100, మరీ కుదరని చోట 300.

ఆ కాలంలోనే విదేశాల్లో కొలత బడులకు చేరింది. కళ్లద్దాలకు వాడే సీఆర్-39 ప్లాస్టిక్ మీద ఆల్ఫా కణం చేసే గాయం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే గుంటలా తేలుతుందని 1978లో వెల్లడైంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, సూక్ష్మదర్శినితో గుంటలు లెక్కపెడితే చాలు. 1980లలో బ్రిటన్ బడిపిల్లలు ఈ ముక్కలతో సర్వే చేశారు. హంగరీలో ఎస్తెర్ తోత్ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలి శిష్యులు 1990లలో పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి కొలిచారు. మాత్రదెరెచ్కె అనే ఊళ్లో రేడాన్ ఎక్కువగా ఉందన్న సంగతి అలాంటి కొలతల్లోనే బయటపడింది. పాఠ్యపుస్తకంలో లేని జవాబు పిల్లలకు దొరికిన అరుదైన సందర్భమిది.

నేడు బడుల్లో ఎక్కువగా చేసేది బెలూన్ ప్రయోగం. ఎల్‌స్టర్, గైటెల్‌ల తీగకు ఇది వారసురాలే. ఊదిన బెలూన్‌ను తలవెంట్రుకలకు రుద్ది, తలుపులు మూసిన గదిలో అరగంటకు పైగా వేలాడదీస్తారు. గాలి తీసేసి గైగర్ కౌంటర్ కిటికీకి ఆనిస్తే అంకె నేపథ్యాన్ని దాటి ఎన్నోరెట్లు పోతుంది. బెలూన్‌కు అంటుకునే రేడాన్ సంతతిలో సీసం-214 అర్ధజీవిత కాలం దాదాపు 27 నిమిషాలు, బిస్మత్-214ది 20. కాబట్టి ఒకటి రెండు పీరియడ్లలోనే తరుగుదల గ్రాఫు మీద కనబడుతుంది. దీనికి తేమ శత్రువు. కోస్తాలో ఆవేశం త్వరగా జారిపోతుంది, నల్లమాడ లాంటి వానలేమి సీమలో ఎండాకాలపు పొడిగాలి బెలూన్‌కు బాగా కలిసొస్తుంది. అసలు మెలకువ నేపథ్యం దగ్గరుంది. ఏమీ పెట్టకుండానే కౌంటర్ ఒక నిమిషం 18, మరుసటి నిమిషం 25 చూపుతుంది. యంత్రం చెడిందనుకోవడం సహజమే. కానీ అలా ఎగుడుదిగుడుగా ఉండటం క్షయం స్వభావం. పది నిమిషాల సగటు తీయకుండా బెలూన్ జోలికి పోనివ్వకూడదు.

నల్లమాడకు తూర్పున పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం గని ఉండటంతో ఈ ప్రాంతంలో బోరు నీళ్ల మీద ప్రశ్నలు తరచూ వస్తాయి. రేడాన్ నీళ్లలో కరిగి వస్తుంది. దాని అర్ధజీవిత కాలం 3.82 రోజులు. అందుకే పరీక్షకు బోరు దగ్గరే, గాలి బుడగ మిగలకుండా సీసా నింపి మూత పెట్టాలి. తొట్టిలో ధారగా పడి నిలవున్న నీళ్లలో అది చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. యురేనియం అలా ఎగిరిపోదు. లీటరుకు 30 మైక్రోగ్రాములన్న దాని పరిమితి వేరు, ఆ పరీక్షకు బడి కౌంటర్ చాలదు, ప్రయోగశాలకు పంపాల్సిందే.