చిట్టా, ఆవర్జా, లావాదేవీ: ఉమ్మడి పట్టికల మధ్య నమోదుల తరలింపు – చారిత్రక పరిశీలన

తెలుగునాట వ్యాపార లెక్కల సంప్రదాయంలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలున్నాయి. ఏ రోజు జరిగినది ఆ రోజు వరుసగా చిట్టాకు ఎక్కుతుంది. అక్కడినుండి ఖాతాల వారీగా ఆవర్జాకు చేరుతుంది. ఆవర్జాలో రాసినంత మాత్రాన చిట్టాలోని పద్దును చెరపరు. పొరపాటు దొర్లితే దానిని సరిచేసే మరొక పద్దు రాస్తారు. అయస్కాంత డిస్కులు వచ్చాక ఈ నియమం సడలింది. పాత విలువ ఉన్నచోటనే కొత్త విలువ రాయడం సులువైంది. లావాదేవీ భావనపై 1981లో రాసిన పత్రంలో జిమ్ గ్రే ఈ సౌకర్యం విషఫలం కాదా అని ప్రశ్నించి, మట్టిపలకల కాలంనుండి లెక్కలు రాసేవారు పాటించిన క్రమశిక్షణను గుర్తుచేశాడు.

1970లో కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనాను అనుసరించిన డేటాబేసులలో సాధారణంగా ‘తరలింపు’ అనే ఒంటి క్రియ ఉండదు. ఒక పట్టికలో చేర్చడం, మరొక పట్టికలో తొలగించడం అనే రెండు క్రియలు కలిస్తేనే తరలింపు. ముందు తొలగించి, చేర్చేలోపు యంత్రం ఆగిపోతే నమోదు పోతుంది. ముందు చేర్చితే రెండుచోట్లా మిగులుతుంది. ఇది దిద్దుకోదగిన దోషం. 1970ల మధ్యలో శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనశాలలో రూపొందిన సిస్టమ్ ఆర్, ఇటువంటి క్రియలను ఒకే లావాదేవీగా ముడివేసింది: జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఇందుకు ఆధారం లాగ్. దానిని యంత్రపు చిట్టా అనవచ్చు. 1983లో హెర్డర్, రాయిటర్ ఇటువంటి గుణాలను ‘యాసిడ్’ అనే పేరుతో క్రోడీకరించారు.

అసలు చిక్కు పట్టిక ఉమ్మడిది కావడంలో ఉంది. ఒక తాళపత్ర సూచికపై ఇద్దరు పనిచేస్తున్నారనుకుందాం. మొదటివారు ‘1900కు ముందు ప్రతులన్నీ పాతపట్టికలో చేర్చు’ అని ఆజ్ఞ ఇచ్చారు. 500 నమోదులు చేరాయి. తరువాత ‘1900కు ముందువన్నీ తొలగించు’ అన్నారు. ఈ రెంటి నడుమ రెండవవారు 1872 నాటి ప్రతిని కొత్తగా నమోదు చేశారు. తొలగింపు ఆజ్ఞ షరతునే చూస్తుంది, ఏవి నకలయ్యాయో చూడదు. ఆ ప్రతి ఇక ఏ పట్టికలోనూ ఉండదు. యంత్రం ఆగలేదు, దోషసూచన రాలేదు, ఇద్దరూ తమ పని సక్రమంగానే చేశారు. నా దృష్టిలో విద్యుత్తు పోవడంకన్నా ఇదే ప్రమాదకరం.

1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ రాసిన పత్రం ఈ ‘ఫాంటమ్’ సమస్యను స్పష్టంగా నిర్వచించింది. ఉన్న వరుసలకు తాళం వేస్తే చాలదు, ఎందుకంటే రాబోయే వరుస అప్పటికి లేదు. కనుక షరతుకే తాళం వేయాలన్నారు. ఆచరణలో అది ఖర్చుతో కూడినది కావడంవల్ల సూచికలోని వ్యవధులకు తాళం వేసే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం వివిక్తతను నాలుగు స్థాయిలుగా విభజించింది. ఆ నిర్వచనాలు సందిగ్ధమైనవని 1995లో గ్రే సహా ఆరుగురు పరిశోధకులు విమర్శించారు. ఆ సందిగ్ధత సంగతి ఎలా ఉన్నా, ‘లావాదేవీలో పెట్టాం కదా’ అనే ధీమా మాత్రం నేటికీ పోలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సహజస్థాయిలో ప్రతి ఆజ్ఞా అప్పటివరకు ఖరారైన స్థితిని కొత్తగా చూస్తుంది. అందువల్ల పై రెండు ఆజ్ఞలూ ఒకే లావాదేవీలో ఉన్నా 1872 నాటి ప్రతి పోవచ్చు. అత్యున్నతస్థాయిని ఎంచుకుంటే రక్షణ ఉంటుంది, కాని ఘర్షణ ఏర్పడినప్పుడు ఒక లావాదేవీ రద్దవుతుంది; దానిని మళ్ళీ నడపాలి. 2011లో వచ్చిన 9.1 కూర్పునుండి మరో మార్గం ఉంది: తొలగించిన వరుసలనే అందుకొని అదే ఆజ్ఞలో రెండో పట్టికలో చేర్చవచ్చు. అప్పుడు తొలగినదే చేరుతుంది, మరొకటి కాదు.

ముందుగా లెక్కపెట్టుకున్న సంఖ్యతో సరిచూడడం ఇక్కడ అక్కరకు రాదు. తొలి లెక్క 500, పాతపట్టికలో చేరినవీ 500. పోయిన ప్రతి ఆ లెక్కలో ఎన్నడూ లేదు. పోల్చవలసింది చేర్పు ఆజ్ఞ చెప్పిన సంఖ్యను, తొలగింపు ఆజ్ఞ చెప్పిన సంఖ్యతో. మొదటిది 500, రెండవది 501 అంటే ఖరారు చేయక వెనక్కి మళ్ళించాలి.