ఎదురు దారి పట్టిన రక్తం

బయట పాసడెనా ఎండ. కాల్‌టెక్ యూనివర్సిటీ ల్యాబ్ లోపల మాత్రం గడ్డకట్టే చలికి కాస్త ఇవతలున్న నీళ్ళ తొట్టి. అందులో మునిగి ‘యు’ ఆకారంలో ఓ గాజు గొట్టం. గొట్టం అడుగున ఎర్రెర్రటి హిమోగ్లోబిన్, పైన రెండు కొమ్ముల్లోనూ తేట ద్రావణం. రెండూ తాకే చోట సన్నటి గీత. ఇద్దరు పరిశోధకులు, హార్వే ఇటానో, జోనాథన్ సింగర్ కరెంటు వదిలారు. ఇప్పుడు ఆ గీత కదలాలి. ఎటు?

అనుమానం మొదలైంది 1945లో. సికిల్ సెల్ రోగుల గురించి విలియం క్యాజిల్ అనే డాక్టరు చెబుతుంటే కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ వింటున్నాడు. ఆక్సిజన్ తగ్గితే వాళ్ళ ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయట. పౌలింగ్‌కి చప్పున తట్టింది. ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్ కదా! జబ్బు కణానిది కాదా? లోపలున్న ఆ అణువుదేనా?

తేల్చే పని ఇటానో మీద పడింది. 1942లో బర్క్‌లీ యూనివర్సిటీ పతకం గెలిచినవాడు. పతకం ఇచ్చే రోజున మాత్రం సభలో లేడు. అమెరికాలోనే పుట్టినా అమ్మానాన్నలది జపాన్ కావడంతో, యుద్ధం పేరు చెప్పి ప్రభుత్వం అతన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కణ్ణుంచి బయటపడి, మెడిసిన్ ముగించి, 1946లో పౌలింగ్ దగ్గర చేరాడు. మంచి హిమోగ్లోబిన్‌నీ, జబ్బు హిమోగ్లోబిన్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. బరువు ఒకటే. ఆకారమూ అంతే. మరి తేడా ఎక్కడ దాక్కుంది?

మిగిలింది విద్యుదావేశం. కరెంటు పారే ద్రావణంలో నెగెటివ్ ఆవేశమున్న ప్రొటీన్ పాజిటివ్ ధ్రువం వైపు సాగుతుంది, పాజిటివ్‌ది నెగెటివ్ వైపు. స్వీడన్‌లో ఆర్నె టిసేలియస్ 1930ల్లో తీర్చిదిద్దిన ఎలక్ట్రోఫోరెసిస్ యంత్రం చేసేది ఇదే. ద్రావణం వేడెక్కితే సుడి తిరిగి గీత చెదిరిపోతుంది, అందుకే అంత చలి. ఒక్కో రన్ ఆరు గంటలు, ఒక్కోసారి ఇరవై. గొట్టం గుండా వెలుతురు పంపి, గీత దగ్గర అది వంగిన తీరును ఫొటో తీసి, మొదట మామూలు రక్తానికి, తర్వాత రోగి రక్తానికి, రెంటికీ ఒకే ఆమ్లత, పీహెచ్ 6.9 దగ్గర ఇద్దరూ పోల్చి చూస్తే, మామూలు హిమోగ్లోబిన్ పాజిటివ్ వైపు నడిచింది. రోగిది?

వెనక్కి తిరిగింది. నెగెటివ్ వైపు!

మామూలు రక్తంలోనూ, రోగి రక్తంలోనూ ఎరుపునిచ్చే హీమ్ ఒకటే. తేడా హిమోగ్లోబిన్‌లోని మిగతా భాగం, గ్లోబిన్ అనే ప్రొటీన్‌లో ఉంది. ఇక జబ్బు లేకుండా ఆ జన్యు లక్షణం మాత్రమే మోస్తున్నవాళ్ళ రక్తం తీసుకున్నారు. ఈసారి ఒక్క గీత కాదు, రెండు. మామూలుదీ, జబ్బుదీ కలిసే ఉన్నాయి, జబ్బుది సగానికి తక్కువే. సికిల్ సెల్ ఎనీమియా అణువుకొచ్చిన జబ్బు అని 1949 నవంబర్‌లో ‘సైన్స్’ పత్రికలో శీర్షికలోనే చాటారు. ఆ ఆవేశం ఎందుకు మారిందో మాత్రం అప్పటికి తేలలేదు.

అది 1957లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. నెగెటివ్ ఆవేశమున్న గ్లుటామిక్ ఆమ్లం అనే పూస ఉండాల్సిన చోట ఆవేశం లేని వాలీన్ కూర్చుంది. అంతే. అంత పెద్ద ప్రొటీన్ గొలుసులో మారింది ఒక్క పూస.

సికిల్ సెల్ మన మన్యం ఊళ్ళలోనూ ఉంది. ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలో భార్యకూ భర్తకూ ఇద్దరికీ ఆ రెండు గీతలూ కనిపిస్తే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బొచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.