ఓడ కింద బ్యాటరీ: మేకులు ఎందుకు కరిగిపోయాయి?

ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అనగానే ఇంటర్‌లో బట్టీ పట్టిన టేబుల్ గుర్తొస్తుంది కదా? ఈరోజు ఆ టేబుల్‌ని ఓ యుద్ధనౌక అడుగున చూద్దాం.

అప్పట్లో సముద్రపు పురుగులు బ్రిటిష్ ఓడల చెక్కని తొలిచేసేవి. అందుకే 1761లో ‘అలారం’ అనే ఓడ అడుగుకి రాగి రేకులు తొడిగి, ఇనప మేకులు కొట్టారు. వెస్టిండీస్ వెళ్లొచ్చాక, 1763లో చూస్తే మేకులు తుప్పుకి అరిగిపోయి కొన్ని రేకులు ఊడిపోయాయి. విచిత్రం ఏంటంటే, రేకులకి చుట్టిన కాగితం మేకుకీ రాగికీ మధ్య మిగిలిపోయిన చోట ఇనుము బాగానే ఉంది!

ఎందుకంటే, ఇనుము, రాగి ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్లలో ఉంటే అదే ఒక సెల్. టేబుల్‌లో ఇనుము −0.44 వోల్టులు, రాగి +0.34. ఎవరి అంకె తక్కువో వాళ్లు ఎలక్ట్రాన్లు వదిలేసి, అయాన్లుగా నీళ్లలో కలిసిపోతారు. ఆ ఎలక్ట్రాన్లు రాగిలోకి వెళ్తే, నీళ్లలోని ఆక్సిజన్ వాటిని తీసుకుంటుంది. మధ్యలో కాగితం ఉంటే దారి బంద్. సముద్రంలో అంకెలు కాస్త మారినా, ఇనుము, రాగిలో ఎవరు ముందు కరగాలన్న వరుస మారదు.

వోల్టా తన బ్యాటరీని ప్రకటించింది 1800లో. అంటే అంతకు 37 ఏళ్ల ముందే ఓడ కింద ఓ బ్యాటరీ నడిచింది, దానికి పేరే లేదు!

తర్వాత రాగి కూడా మెల్లగా కరుగుతోందని నౌకాదళం హంఫ్రీ డేవీని అడిగింది. ఆయన 1824లో అదే సూత్రాన్ని తిప్పి వాడాడు. రాగికి కావాలనే చిన్న జింక్, ఇనుము ముక్కలు తగిలించాడు. జింక్ అంకె −0.76. ముక్కలు కరిగాయి, రాగి నిలిచింది. సూపర్ హిట్!

కానీ కథ అడ్డం తిరిగింది. కరిగే రాగి విషమే పెంకుజీవుల్ని, నాచుని దూరం పెడుతోంది. రాగి కరగడం ఆగేసరికి అవన్నీ అడుగున పేరుకుపోయి ఓడలు నెమ్మదించాయి. చివరికి ఆ ముక్కలు పీకేశారు.

డేవీ కెమిస్ట్రీలో తప్పు లేదు. ఏ లోహం కరుగుతుందో టేబుల్ చెప్తుంది, ఏది కరిగితే మనకి మంచిదో చెప్పదు. ఇవాళ ఉక్కు ఓడలకి జింక్ దిమ్మలు, మన ఇళ్ల మీద జీఐ రేకులకి జింక్ పూత... అన్నిట్లో ఉన్నది ఇదే సూత్రం. ఈసారి జీఐ రేకు చూస్తే గుర్తుపెట్టుకోండి, ఇనుము కోసం జింక్ కరుగుతోంది.