పుల్లరి మొదలు వృత్తిపన్ను దాక

నకరికల్లు రైతుటింట పుట్టిన యువకుడొకడు, తండ్రి పొలము తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ముతో రెండువందల గంటల విమానయానము పూర్తిచేసి, చోదకుని లైసెన్సు చేతబట్టుకొని వచ్చెననుకొందము. తండ్రి పంటకు ఆదాయపు పన్ను లేదు. 1886 నాటి చట్టమే సేద్యపు రాబడిని విడిచిపెట్టినది. కుమారుని సంపాదనకు అట్టి విడుపు లేదు.

పల్నాటివారికి పన్ననగానే పుల్లరి స్ఫురించును. అడవిలో పశువులు మేపుకొన్నందుకు వసూలుచేసిన ఆ పన్ను నెదిరించి మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. కాని కుంపెనీ కాలముననే చేతిపనివారిపై మొతర్ఫా యను పన్ను కలదు. సాలెవాని మగ్గమునకు, గానుగకు, అంగడికి లెక్కగట్టెడివారు. ఆదాయమును గాక పనిముట్టును చూచి వేసిన పన్ను అది! ఎవరి కొలువునను లేక స్వయముగా బ్రదుకువానికి ఇంతకంటె కఠినమైనది మాకు తోచదు.

1857 తిరుగుబాటుతో వట్టిపోయిన బొక్కసమును నింపుటకై 1860లో జేమ్సు విల్సను ఆదాయపు పన్ను తెచ్చెను. ఏటికి 200 రూపాయలకు లోబడిన ఆదాయమును వదలెను. ఆ యేడే ఆయన కలకత్తాలో కన్నుమూసెను. పన్ను మాత్రము పోవుచు వచ్చుచు 1886లో స్థిరపడినది. మొతర్ఫా తొలగెను గాని దాని నీడ వృత్తిపన్నుగా నిలిచినది. రాజ్యాంగము 276వ అధికరణమున దానికి ఏటికి 250 రూపాయల హద్దు పెట్టగా, 1988 సవరణ 2,500 చేసినది.

ఇక చోదకుల మాట. బేగంపేట కేంద్రముగా నడచిన దక్కను ఎయిర్‌వేస్ 1947లోనే ప్రేమ్ మాథుర్ అను వనితకు చోదకురాలిగా కొలువిచ్చినది. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసెను. అటుపిమ్మట చాలకాలము ప్రయాణిక విమానము నడపువాడు ప్రధానముగా సర్కారు సంస్థ జీతగాడే. నేడు కొందరికి జీతము, కొందరికి ఒప్పందపు రుసుము. జీతగాని పన్నును యజమాని నెలనెల పట్టుకొనును. అయితే లైసెన్సు పునరుద్ధరణ, వైద్యపరీక్షల ఖర్చును అతడు జీతమునుండి తీసివేసికొనరాదు. స్వయంవృత్తివాడు తీసివేసికొనవచ్చును గాని, లెక్కలు, రసీదులు, ముందస్తు పన్ను వాయిదాలు అతని మెడకే. కాగితముపై ‘సలహాదారు’ అని వ్రాసినంతమాత్రమున చాలదు. పని యెవరి అదుపున సాగుచున్నదో చట్టము విచారించును. నకరికల్లు యువకుడు మొదటి ఒప్పందముపై సంతకము చేయునప్పుడు, సొమ్ము అంకెకంటె ముందు ఆ సొమ్ము జీతమో రుసుమో తెలుపు పంక్తిని వెదకి చదువవలెను.