కేలరీల లెక్కతో విసిగిపోయారా.. ఇంటర్‌మిటెంట్ ఫాస్టింగ్‌కి మారితే బరువు తగ్గుతారా? పరిశోధనల్లో తేలింది ఇదీ!

ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పుతో కొలిచి అన్నం, రాత్రి రెండు పుల్కాలు. తిన్న ప్రతిదీ ఫోన్‌లో యాప్ తెరిచి రాసుకోవడం. మొదటి రెండు మూడు నెలలు బరువు బాగానే తగ్గుతుంది. ఆ తర్వాత ఎంత కడుపు మాడ్చుకున్నా వెయింగ్ మెషీన్‌లో అంకె కదలదు. సరిగ్గా అప్పుడే చాలామంది కంట్లో పడుతుంది ఇంటర్‌మిటెంట్ ఫాస్టింగ్ వీడియో. 'ఏం తిన్నారన్నది కాదు, ఎప్పుడు తిన్నారన్నదే ముఖ్యం' అనే మాట వినగానే లెక్కలు పక్కన పడేసి గడియారం వైపు చూడటం మొదలుపెడతారు.

ఇలా మారితే నిజంగా ఫలితం ఉంటుందా? ఉంటుంది.. కానీ అది గడియారం చేసే మాయ కాదు. రోజు మొత్తంలో తిండి తగ్గితేనే బరువు తగ్గుతుంది. పైగా షుగర్ మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మారితే ప్రాణాల మీదకి వచ్చే ప్రమాదమూ ఉంది.

అసలు రెండింటికీ తేడా ఏంటి?

రోజువారీ కేలరీల తగ్గింపులో తినే వేళలు మారవు, పరిమాణం తగ్గుతుంది. ఇంటర్‌మిటెంట్ ఫాస్టింగ్‌లో తినే వేళలకే గీత గీస్తారు. బాగా వినిపించేది 16:8 పద్ధతి. అంటే 8 గంటల్లోపు తినడం ముగించి, మిగతా 16 గంటలు ఏమీ తినకపోవడం. ఇంకోటి 5:2. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు చాలా తక్కువ తినడం. బ్రిటన్‌కి చెందిన మైకేల్ మోస్లీ 2012లో బీబీసీలో చేసిన డాక్యుమెంటరీతో ఇది ప్రపంచమంతా పాకింది. రోజు విడిచి రోజు ఉపవాసం, వారానికి మూడు రోజుల 4:3 పద్ధతి కూడా ఉన్నాయి.

నిజానికి మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నారు. కాకపోతే చిక్కంతా రాత్రి పలారం దగ్గరే వస్తుంది. అన్నం మానేశాం కదా అని నెయ్యి వేసిన ఉప్మా, నాలుగు పూరీలు, పైన అరటిపండు, గ్లాసు పాలు తీసుకుంటే ఉపవాసం మొక్కు తీరుతుందేమో గానీ బరువు మాత్రం తగ్గదు. 16:8 చేసేవాళ్లలో చాలామంది బోల్తా పడేదీ ఇక్కడే.

బరువు ఎందుకు ఆగిపోతుంది?

దీనికి రెండు కారణాలు కలిసి వస్తాయి. 90 కిలోల మనిషి 80 కిలోలకి వచ్చాక, అదే పనికి అతని ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. మొదట్లో లోటుగా ఉన్న తిండి ఇప్పుడు సరిగ్గా సరిపోతుంది. ఇది శరీరం వైపు సంగతి.

రెండోది లెక్కలో జారుడు. న్యూయార్క్‌లో చేసి 1992లో ప్రచురించిన ఓ పరిశోధనలో, 'ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు' అని చెప్పేవాళ్లని పరీక్షించారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే గుర్తుండదు. కూరలో గరిటెతో పోసిన నూనె ఎవరు లెక్కపెడతారు? ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే సుమారు 120 కేలరీలు. రెండు చెంచాల పంచదార వేసిన కాఫీ రోజుకి మూడుసార్లు తాగితే పంచదార ఒక్కటే 120 కేలరీల దాకా వెళ్తుంది.

కాబట్టి మారేముందు ఓ వారం రోజులు నూనె, పంచదార, కాఫీ, పిల్లల ప్లేట్లో మిగిలినవి తినడం.. అన్నీ నిజాయితీగా రాసి చూడాలి. చాలామందికి పద్ధతి మార్చక్కర్లేదని అక్కడే తెలిసిపోతుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే..

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందిపై ఏడాదిపాటు చేసిన పరిశోధన 2022లో వచ్చింది. అందరికీ ఒకే కేలరీల పరిమితి. మగవాళ్లకి 1500 నుంచి 1800, ఆడవాళ్లకి 1200 నుంచి 1500. సగం మంది మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి. ఏడాది తర్వాత చూస్తే వేళ పాటించినవాళ్లు సగటున 8 కిలోలు, పాటించనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. చూడ్డానికి తేడా కనిపిస్తున్నా, గణాంకాల ప్రకారం అది లెక్కలోకి తీసుకునేంత తేడా కాదని పరిశోధకులే చెప్పారు.

మరి కేలరీలు అసలు లెక్కపెట్టకపోతే? షికాగోలో 90 మందితో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. ఓ బృందం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు నచ్చింది తిన్నారు, లెక్క లేదు. ఆర్నెల్ల తర్వాత ఆ గడువుని 10 గంటలకి పెంచారు. ఇంకో బృందం రోజూ 25 శాతం కేలరీలు తగ్గించుకున్నారు. ఏడాది చివరికి, మామూలుగా తిన్నవాళ్లతో పోలిస్తే మొదటి బృందం 4.6 కిలోలు, రెండో బృందం 5.4 కిలోలు తగ్గారు. ఇక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే లెక్కపెట్టకపోయినా మొదటి బృందం రోజుకి సుమారు 425 కేలరీలు తక్కువే తిన్నారు. రాత్రి 8 తర్వాత వంటగది మూతపడటంతో చిరుతిండ్లు వాటంతటవే తగ్గాయి. గడియారం చేసిన మేలు అదే. లెక్కలంటే చిరాకు పడేవాళ్లకి ఇది చిన్న విషయమేం కాదు.

అదే నగరంలో 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ ఆసక్తికరం. వంద మందిలో కొందరిని రోజు విడిచి రోజు ఉపవాసం పెట్టారు. ఉపవాసం రోజున అవసరమైన దాంట్లో నాలుగో వంతే తినాలి, మర్నాడు 125 శాతం తినొచ్చు. తీరా చూస్తే ఉపవాసం రోజున చెప్పినదానికంటే ఎక్కువ, విందు రోజున చెప్పినదానికంటే తక్కువ తిన్నారు. అంటే తెలియకుండానే మళ్లీ రోజువారీ తగ్గింపు దగ్గరికే వచ్చేశారన్నమాట! మధ్యలో మానేసినవాళ్లు కూడా ఉపవాసం బృందంలోనే ఎక్కువ.. 38 శాతం. రోజువారీ బృందంలో 29 శాతం.

ఫాస్టింగ్ వైపు మొగ్గు చూపిన ఫలితాలూ ఉన్నాయి. అమెరికాలోని కొలరాడో పరిశోధకులు 165 మందిపై చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి మూడు రోజులు 80 శాతం తిండి తగ్గించినవాళ్లు ఏడాదిలో 7.6 శాతం బరువు తగ్గారు. రోజూ తగ్గించినవాళ్లు 5 శాతం. వారం మొత్తానికి కోత రెండు బృందాలకీ సమానంగానే పెట్టినా, మూడు రోజుల పద్ధతిని జనం బాగా పాటించగలిగారు. కానీ వీళ్లకి ఏడాది పొడవునా గ్రూప్ కౌన్సెలింగ్, ఉచిత జిమ్ సభ్యత్వం ఉన్నాయి. ఇంట్లో వీడియో చూసి మొదలుపెట్టేవాళ్లకి ఆ అండ ఉండదు.

మొదటి వారం తగ్గేది కొవ్వు కాదు

పద్ధతి మార్చగానే వారంలో కిలో, రెండు కిలోలు తగ్గి 'ఇదే అసలు మందు' అనిపిస్తుంది. ఒంట్లో దాచిన పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే, దాంతో పాటు నీళ్లూ పోతాయి. కడుపులో ఉండే తిండి బరువూ తగ్గుతుంది. పెళ్లి భోజనం చేసిన మర్నాడు ఆ కిలో తిరిగి రావడానికీ కారణం ఇదే. కొత్త పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది కనీసం ఆరు వారాలు చూశాకే తేల్చుకోవాలి. నడుం కొలత కూడా రాసుకుంటే మంచిది.

మారాలనుకుంటే మన ఇళ్లలో ఎలా?

ఒక్కసారిగా 16 గంటలకి దూకనక్కర్లేదు. ముందు రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు 12 గంటలు అలవాటు చేసుకుని, తర్వాత 14కి పెంచొచ్చు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ట్రాఫిక్ దాటుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరే ఉద్యోగికి సాయంత్రం 5కే తినడం ముగించమంటే కుదిరే పని కాదు. అలాంటివాళ్లు సాయంత్రం ఏడింటికి ఆఫీసులోనే డబ్బా తినేసి, ఇంటికెళ్లాక మజ్జిగతో సరిపెట్టుకుందాం అనుకుంటారు. మజ్జిగ, పాలు వేసిన టీ, కొబ్బరినీళ్లు.. ఇవన్నీ తిండి కిందే లెక్క. నీళ్లు, పంచదార లేని బ్లాక్ కాఫీ, బ్లాక్ టీ మాత్రమే ఉపవాసంలో నడుస్తాయి.

అసలు జాగ్రత్త ప్రోటీన్ విషయంలో. మూడు పూటలు తినేవాళ్లకే పప్పు, గుడ్డు, పెరుగు అంతంతమాత్రం. ఒక పూట ఎగిరిపోతే ఇంకా తగ్గిపోతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 70 కిలోల మనిషికి ఇది సుమారు 58 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అన్నం, చారు, అప్పడంతో ఉపవాసం విడిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి 2020లో ప్రచురించిన 16:8 అధ్యయనంలో సరిగ్గా ఈ అనుమానమే వచ్చింది. 12 వారాల్లో తగ్గింది కిలో లోపే, అందులోనూ కండ వాటా ఎక్కువగా కనిపించింది. అందుకే ఉపవాసం విడిచే పూటలో ముందు పప్పో, గుడ్లో, శనగలో, చేపో పడాలి. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం ఉంటే కండకి రక్షణ.

ఇక 'ఉపవాసంతో కణాలు శుభ్రమవుతాయి, దానికి నోబెల్ కూడా వచ్చింది' అనే ప్రచారం సంగతి. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే. ఆయన ఆటోఫాగీ ఎలా జరుగుతుందో కనిపెట్టింది ఈస్ట్ కణాల్లో. 16 గంటలు తినకపోతే మనుషులు బరువు తగ్గుతారని ఆ పరిశోధన చెప్పలేదు. అలాగే 8 గంటల్లోపు తినేవాళ్లకి గుండెజబ్బు మరణాలు 91 శాతం ఎక్కువని 2024లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సదస్సులో వచ్చిన వార్త చూసి హడలిపోనక్కర్లేదు. అందులో ఒక్కొక్కరి ఆహార వివరాలు రెండు రోజులవే తీసుకున్నారు. ఫాస్టింగ్ వల్లే ఆ మరణాలని అది నిరూపించలేదు.

వీళ్లు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసిక సమస్యలు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

అన్నిటికంటే ఎక్కువ భయం షుగర్ ఉన్నవాళ్లకే. గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్.. ఇవి మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ని తగ్గిస్తూనే ఉంటాయి. టిఫిన్ మానేసి మాత్ర మాత్రం మామూలుగా వేసుకుంటే పదకొండింటికల్లా షుగర్ పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో కీటోన్లు పెరిగి ఆసుపత్రి పాలయ్యే ముప్పు ఉంది. రంజాన్ నెలకి ముందే డాక్టర్లు రోజా ఉండే షుగర్ రోగుల మందుల మోతాదు, వేళలు మార్చేది ఇందుకే. 16:8కి మారేవాళ్లకీ అదే పద్ధతి వర్తిస్తుంది. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది మీరే తేల్చుకోకూడదు.

చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే 'ఇంకో గంటే కదా' అని ఆగొద్దు. మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ పెరగకపోతే మళ్లీ అంతే తాగాలి. మీటర్ దగ్గర లేకపోయినా ఈ లక్షణాలుంటే ముందు పంచదార నీళ్లే. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ తేరుకున్నాక ఉపవాసం అక్కడితో ఆపేసి భోజనం చేసి, తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.