వరంగల్ ప్రాంతపు పెళ్ళిళ్ళు - ఋతువులు

తెలంగాణలోని వరంగల్ ప్రాంతంలో పెళ్ళిని వాడుకలో "లగ్గం" అంటారు. ఇక్కడ పెళ్ళి ఎప్పుడు జరగాలో పంచాంగం చెబుతుంది. ఎలా జరగాలో చాలావరకు ఋతువే నిర్ణయిస్తూ వచ్చింది. పందిరి మీది ఆకు, మెడలోని పూలదండ, భోజనం వడ్డించే విస్తరి, ఆడపిల్ల వెంట పంపే సారె, ఇవన్నీ ఆయా కాలాల్లో ఊరికి దగ్గరలో దొరికే వస్తువులతోనే ఏర్పడ్డాయి. పెళ్ళిళ్ళు ఇంటి ముంగిలి నుంచి ఫంక్షన్ హాళ్ళకు మారిన తరువాత ఈ సంబంధం కొంత సడలినా పూర్తిగా తెగిపోలేదు.

ఈ వ్యాసంలో వరంగల్ ప్రాంతం అంటే పూర్వపు ఉమ్మడి వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలోను, ఆ తరువాతి మార్పులలోను ఇది హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాలుగా ఏర్పడింది. కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో కలిశాయి.

ముహూర్తాల కాలాలు

తెలుగువారి చాంద్రమానం ప్రకారం పెళ్ళిళ్ళకు కొన్ని నెలలు అనుకూలమైనవి, కొన్ని కానివి.

- చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం: పెళ్ళిళ్ళు ఎక్కువగా జరిగే కాలం. చైత్రంలో శ్రీరామనవమి నాడు ఊరూరా సీతారాముల కల్యాణం జరుపుతారు.
- ఆషాఢం: పెళ్ళిళ్ళు చేయరు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళే నెల.
- శ్రావణం: వానాకాలంలో వచ్చే ప్రధానమైన ముహూర్తాల నెల.
- భాద్రపదం: శూన్యమాసం. ఇందులోని కృష్ణపక్షం పితృకార్యాలకు కేటాయించబడింది.
- ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం: దసరా తరువాత మళ్ళీ ముహూర్తాలు మొదలవుతాయి.
- పుష్యం: పెళ్ళిళ్ళు చేయరు. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు ఉండే ధనుర్మాసంలో కూడా చేయరు.
- మాఘం, ఫాల్గుణం: చలి తగ్గుతూ వచ్చే కాలం. మాఘమాసం ముహూర్తాలకు పేరు పొందింది.

ఇవి కాక మరి రెండు నిషేధాలు ఉన్నాయి. మొదటిది మూఢం. గురు, శుక్ర గ్రహాలు ఆకాశంలో సూర్యునికి దగ్గరగా వచ్చి కంటికి కనిపించకుండా పోయే రోజులను మూఢం లేదా మౌఢ్యమి అంటారు. 2024లో ఈ రెండు గ్రహాల మూఢం దాదాపు ఒకే సమయంలో రావడం వలన మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా పోయాయి. రెండవది అధికమాసం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. ఈ తేడాను సరిచేయడానికి సుమారు 32 నెలలకు ఒకసారి ఒక నెల అదనంగా వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం.

ముహూర్తాలు తగ్గిన ఏడాది పెళ్ళిళ్ళన్నీ కొద్ది రోజుల్లోనే జరగవలసి వస్తుంది. అటువంటప్పుడు హాలు, పూలు, వంటవారు, మేళం, బస్సులు అన్నిటికీ ఒకేసారి గిరాకీ పెరిగి ధరలు హెచ్చుతాయి.

వసంత, గ్రీష్మ ఋతువులు

ఫాల్గుణంలో మోదుగ చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఆ తరువాత వచ్చే లేత ఆకు ఎండాకాలంలో ముదిరి విస్తళ్ళు కుట్టడానికి పనికి వస్తుంది. ఆకులను ఈనెపుల్లలతో కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టి దాచుకుంటే ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. ములుగు, భూపాలపల్లి వైపు అడవులలో అడ్డాకులతో కూడా విస్తళ్ళు కుడతారు.

వేసవి పెళ్ళికి గుర్తు మల్లెపూవు. మల్లె చైత్ర వైశాఖాల్లో విరివిగా పూస్తుంది కనుక ధర అందుబాటులో ఉంటుంది. వధువు జడకు, దండలకు, పందిరి అలంకరణకు దీనినే వాడతారు. మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది, ఎండలో త్వరగా వాడిపోతుంది. అందువలన రాత్రి ముహూర్తాలకు ఇది చక్కగా సరిపోతుంది. పగటి ముహూర్తమైతే మొగ్గలుగా ఉన్నప్పుడే మాల కట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు.

వరంగల్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచుగా 42 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మే చివరి వారంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఈ ఎండను తట్టుకోవడానికే తాటాకు పందిరి పుట్టింది. గుంజలు పాతి, వెదురు వాసాలు కట్టి, పైన తాటాకు దట్టంగా పరచి, చుట్టూ నేరేడు, మామిడి కొమ్మలు కట్టేవారు. పచ్చని ఆకులోని తేమ వలన పందిరి కింద గాలి చల్లబడుతుంది. రేకుల షెడ్డుకు గాని, ప్లాస్టిక్ గుడ్డ కప్పిన షామియానాకు గాని ఈ గుణం లేదు. వేసవి పెళ్ళిలో పచ్చిపులుసు, మజ్జిగ, మామిడికాయ పప్పు వడ్డించడం కూడా ఎండను ఉద్దేశించినదే. వడదెబ్బ ప్రమాదం ముఖ్యంగా వృద్ధులకు, పసిపిల్లలకు, ఎండలో నడిచే మేళగాళ్ళకు ఉంటుంది. కాబట్టి వేసవిలో ఊరేగింపును సూర్యాస్తమయం తరువాతకు మార్చుకోవడం మేలు.

వర్ష ఋతువు

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోవడానికి వ్యవసాయం ఒక కారణంగా చెబుతారు. అది దుక్కులు, విత్తనాల కాలం. ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటారు. కొత్త దంపతులను ఆ నెలలో వేరుగా ఉంచే ఆచారానికి మరొక వివరణ ఉంది. ఆషాఢంలో గర్భం నిలిస్తే కాన్పు మండువేసవిలో వస్తుందని, తల్లీబిడ్డలకు కష్టమని పెద్దలు భావించారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల గోరింటాకు పెట్టుకునేది ఈ నెలలోనే.

వరంగల్‌లో సంవత్సర వర్షపాతంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. శ్రావణమాసపు పెళ్ళి ఈ వానల నడుమ జరుగుతుంది. తాటాకు పందిరి ఏకధారగా కురిసే వానకు నిలవదు. అందువలన పూర్వం వానాకాలపు పెళ్ళిళ్ళు తక్కువగా ఉండేవి, ఉన్నా ఇంటి లోపలే జరిగేవి. పైకప్పు ఉన్న హాళ్ళు వచ్చిన తరువాత శ్రావణ ముహూర్తాలకు ఆదరణ పెరిగింది. ఈ కాలంలో సన్నజాజి, చెరువుల్లోని తామర అలంకరణకు దొరుకుతాయి. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నిండే కాలం కూడా ఇదే.

లంబాడీ తండాలలో శ్రావణమాసంలో తీజ్ పండుగ జరుగుతుంది. పెళ్ళికాని అమ్మాయిలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, చివరి రోజున నిమజ్జనం చేస్తారు.

శరదృతువు

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిది రోజుల పండుగ మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. హనుమకొండలో వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట ప్రాంతాలు బతుకమ్మ ఆటకు ప్రసిద్ధి. పెళ్ళయిన తరువాత వచ్చే మొదటి బతుకమ్మకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం ముఖ్యమైన ఆచారం. ఈ పండుగలో వాడే తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలలో చాలావరకు బీళ్ళలో, చేల గట్ల మీద, పెరళ్ళలో దొరికేవే. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించారు.

దసరాకు విరివిగా వచ్చే బంతి, ఆ తరువాత వచ్చే చామంతి కార్తీక, మార్గశిర మాసాల పెళ్ళిళ్ళకు ప్రధానమైన పూలు. బంతిపూవు కోసిన తరువాత కూడా త్వరగా వాడదు. దారానికి గుచ్చి పొడవైన తోరణాలుగా వేలాడదీయవచ్చు. ఇటీవల వ్యాపించిన హల్దీ వేడుకలో పసుపు రంగు అలంకరణకు బంతినే ఎక్కువగా ఎంచుకుంటున్నారు. పెళ్ళికి ముందు ఇంట్లో పసుపు దంచి, నలుగు పెట్టి స్నానం చేయించే పాత ఆచారానికి ఇది కొత్త రూపం.

హేమంత, శిశిర ఋతువులు

మార్గశిర మాసపు చివరి ఆదివారం కొమురవెల్లి మల్లన్న కల్యాణం జరుగుతుంది. ఈ క్షేత్రం పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేది, ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర మొదలవుతుంది. కొత్త బియ్యం, నువ్వులు ఇంటికి వచ్చే ఈ కాలంలో సకినాలు, అరిసెలు చేస్తారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి సారెతో పాటు సకినాలు పంపడం ఈ ప్రాంతపు మర్యాద.

మాఘమాసంలో కొత్త పసుపు పంట తవ్వకం సాగుతుంది. రెండేళ్ళకు ఒకసారి మాఘ పౌర్ణమి సమయంలో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 2024లో ఫిబ్రవరిలోను, 2026లో జనవరి చివరిలోను ఇది జరిగింది. జాతరలో భక్తులు బెల్లాన్ని "బంగారం" పేరుతో సమర్పిస్తారు. పెళ్ళిలో వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఉంచుకునే జీలకర్ర బెల్లంలోనిది కూడా ఈ బెల్లమే.

పెళ్ళిలో వాడే స్థానిక కళావస్తువులు

- ఐరేని కుండలు: కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చే రంగులు వేసిన కుండలు. పచ్చికుండ ఎండలో ఆరాలి, ఆ తరువాత ఆవంలో కాలాలి. వానల్లో ఈ పని సాగదు కనుక వానాకాలపు పెళ్ళికి కుండలు ముందే చేయించుకోవాలి.
- జంపఖానాలు: వరంగల్ కొత్తవాడ నేత కార్మికులు నేసే నూలు తివాచీలు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ప్రదర్శించబడ్డాయి. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. కుర్చీలు రాక ముందు పెళ్ళివారిని వీటి మీదనే కూర్చోబెట్టేవారు.
- పెంబర్తి ఇత్తడి సామాను: జనగామ సమీపంలోని పెంబర్తి గ్రామం లోహపు నగిషీ పనికి ప్రసిద్ధి.

మండపాల అలంకరణలో వరంగల్ కోటలోని కాకతీయ కీర్తితోరణం ఆకృతి తరచుగా కనిపిస్తుంది. 1163లో రుద్రదేవుడు నిర్మించిన వేయిస్తంభాల గుడి ఎదుట ఉన్న కల్యాణమండపాన్ని పునరుద్ధరణ కోసం 2006లో విప్పదీశారు. అది 2024 మార్చిలో తిరిగి ప్రారంభమైంది.

పంట, పెళ్ళి ఖర్చు

ఈ ప్రాంతంలో రైతు ఇంటి పెళ్ళి పంట డబ్బు మీద ఆధారపడుతుంది. పత్తి అక్టోబరు నుంచి, వానాకాలపు వరి నవంబరు డిసెంబరులలో, మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, యాసంగి వరి ఏప్రిల్ మే నెలల్లో అమ్మకానికి వస్తాయి. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ పత్తికి, మిర్చికి పెద్ద విక్రయకేంద్రం. కార్తీక మార్గశిరాలు, మాఘం నుంచి వైశాఖం వరకు ఉన్న నెలలు ముహూర్తాలకు, పంట డబ్బుకు రెండిటికీ కలిసివచ్చే కాలాలు. శ్రావణంలో ముహూర్తం ఉంటుంది గాని డబ్బు అప్పటికే విత్తనాలకు, ఎరువులకు ఖర్చయి ఉంటుంది. ఆ నెలలో పెళ్ళి పెట్టుకున్న కుటుంబం అప్పు చేయవలసి వస్తే, రాబోయే పంట ముందుగానే వడ్డీకి పోతుంది.

అలంకరణ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కాలం కాని పూవును దూరం నుంచి తెప్పిస్తే రవాణా, శీతలీకరణ ఖర్చులు తోడవుతాయి. వేసవిలో మల్లె, చలికాలంలో బంతి చామంతులు, అన్ని కాలాల్లో మామిడాకు, అరటి బోదె ఎంచుకున్న పెళ్ళికి ఖర్చు తక్కువ, శోభ ఎక్కువ. మరునాడు మిగిలే చెత్త కూడా మట్టిలో కలిసిపోతుంది.

2020 మార్చి చివరలో కరోనా వలన లాక్‌డౌన్ విధించినప్పుడు ఆ ఏడాది వేసవి పెళ్ళిళ్ళు దెబ్బతిన్నాయి. అతిథుల సంఖ్యను 50కి పరిమితం చేశారు. ఏడాది సంపాదన కోసం ఒక్క పెళ్ళిళ్ళ కాలం మీదనే ఆధారపడే పురోహితులు, మేళగాళ్ళు, వంటవారు, పూలవారు, ఫొటోగ్రాఫర్లు ఉపాధి కోల్పోయారు. చాలా కుటుంబాలు తిరిగి ఇంటి ముందరి పందిరిలోనే పెళ్ళి జరుపుకొన్నాయి.

ఇతర మతాల వారి పెళ్ళిళ్ళు

ముస్లింల హిజ్రీ సంవత్సరానికి అధికమాసం లేదు. అందువలన ప్రతి నెలా ఏటా సుమారు 11 రోజులు వెనుకకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. రంజాన్ ఉపవాస మాసంలోను, మొహర్రం తొలి రోజుల్లోను సాధారణంగా నిఖా పెట్టుకోరు. క్రైస్తవులలో పలువురు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో పెళ్ళిళ్ళు చేయరు.

చట్టం, ప్రభుత్వ సహాయం

2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చేసిన చట్టం వివాహ నమోదును తప్పనిసరి చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలను 51,000 రూపాయల సహాయంతో ప్రారంభించింది. ఈ మొత్తాన్ని 2017లో 75,116 రూపాయలకు, 2018లో 1,00,116 రూపాయలకు పెంచారు. 18 ఏళ్ళు నిండని వధువుకు ఈ సహాయం వర్తించదు.

ఇవి కూడా చూడండి

- బతుకమ్మ
- తెలుగు నెలలు
- అధికమాసం
- వేయిస్తంభాల గుడి
- సమ్మక్క సారలమ్మ జాతర